బ్రెగ్జిట్‌కి ఓటేసినవాళ్ళు ఏమీ తెలియని మూర్ఖులన్న మాట నిజం కాదు

బ్రెగ్జిట్ గురించి ఒక మెసేజ్ ఇన్నేళ్ళైనా తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఎవరికి నచ్చని ఎన్నికల ఫలితం వచ్చినా మళ్ళీ పైకి తేలుతుంది. దాని సారాంశం ఇది: 2016 జూన్ 23న బ్రిటన్ జనం యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి పోవాలని ఓటేసి, తెల్లారి లేచి "అసలు ఈయూ అంటే ఏంటి" అని గూగుల్‌లో వెతికారు, సంగతి అర్థమయ్యాక నలభై లక్షల మంది మళ్ళీ ఓటింగ్ పెట్టమని మొత్తుకున్నారు, ముసలివాళ్ళు కుర్రాళ్ళ భవిష్యత్తు పాడు చేశారు, వలస వచ్చినవాళ్ళ మీద, మనవాళ్ళ మీద కూడా, ద్వేషంతోనే ఇదంతా చేశారు, కాబట్టి పెద్ద నిర్ణయాలు జనం చేతిలో పెట్టకూడదు. నాకు కోపం తెప్పించేది ఆ చివరి ముక్క. బ్రెగ్జిట్ బ్రిటన్‌కి నష్టమే చేసిందని నా అభిప్రాయం, దాన్ని సమర్థించడానికి ఇది రాయట్లేదు. కానీ కోటీ డెబ్భై నాలుగు లక్షల మంది వేసిన ఓటుని ఒక ట్వీట్ చూపించి మూర్ఖత్వం అని తేల్చెయ్యడం అన్యాయం.

ముందు గూగుల్ సంగతి. ఫలితం వచ్చిన రోజు గూగుల్ ట్రెండ్స్ వాళ్ళు ట్వీట్ పెట్టిన మాట నిజమే. ఈయూ గురించి బ్రిటన్‌లో అడుగుతున్న ప్రశ్నల్లో "ఈయూ అంటే ఏంటి" అనేది రెండోదని చెప్పారు. మొదటిది "ఈయూ నుంచి బయటికి వస్తే దాని అర్థం ఏంటి" అన్న ప్రశ్న, దాన్ని మాత్రం ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఎవరూ చెప్పరు. పొద్దున్నే ప్రధాని రాజీనామా ప్రకటించి, రాత్రి డాలరున్నర దగ్గరున్న పౌండు తెల్లారేసరికి 1.33 డాలర్ల కిందికి పడిపోతే ఎవరైనా అదే అడుగుతారు కదా. ఇక ట్రెండ్స్ అనేది ఎంతమంది వెతికారో చెప్పదు, ఒక ప్రశ్న మామూలు రోజుకన్నా ఎంత పెరిగింది, పక్కవాటితో పోలిస్తే ఎక్కడుంది అన్నదే చూపిస్తుంది. మామూలు రోజుల్లో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న అయితే కొద్దిమంది తోడైనా గ్రాఫ్ నిలువునా లేస్తుంది. పైగా ఆ వెతికినవాళ్ళు ఎవరు? లీవ్‌కి, అంటే బయటికి పోదామని, ఓటేసినవాళ్ళా, రిమెయిన్‌కి, అంటే ఉండిపోదామని, వేసినవాళ్ళా, ఓటు లేని పదహారేళ్ళ పిల్లలా, రిజిస్టర్ చేసుకుని కూడా ఓటు వెయ్యని 1.29 కోట్ల మందిలో ఎవరైనానా? ఆ లెక్కలో ఇదేదీ లేదు. "లీవ్ ఓటర్లు" అన్న మాట తర్వాత జనం అతికించుకున్నది.

తెలీకుండా ఓటేశారు అనే ముందు ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వమే 93 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి, ఈయూలో ఎందుకు ఉండాలో వివరిస్తూ దేశంలో ఇంటింటికీ కరపత్రం పంపించింది. బయటికి వస్తే ఒక్కో కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టమని ట్రెజరీ, అంటే అక్కడి ఆర్థిక శాఖ, హెచ్చరించింది. నెలల తరబడి టీవీల్లో డిబేట్లు నడిచాయి. పోలింగ్ 72.2 శాతం, 1992 తర్వాత జరిగిన ఏ పార్లమెంటు ఎన్నికలోనూ అంత శాతం రాలేదు. జనం విన్నారు, విని నమ్మలేదు. నమ్మకపోవడం తప్పని మీరు వాదించొచ్చు, కానీ అది తెలియకపోవడం కాదు.

పిటిషన్ విషయం తొందరగా తేల్చేద్దాం. 41 లక్షల సంతకాలు వచ్చింది నిజం. కానీ ఆ పిటిషన్ పెట్టింది ఓటింగ్‌కి ముందే, మే నెలలో, పెట్టినాయన లీవ్ మద్దతుదారు. తన పక్షం ఓడిపోతుందేమో అన్న భయంతో, పోలింగ్ 75 శాతం దాటకుండా గెలుపు 60 శాతం కన్నా తక్కువతో వస్తే మళ్ళీ ఓటింగ్ పెట్టాలని కోరాడు. తన పక్షమే గెలిచాక రిమెయిన్ వైపువాళ్ళు దాన్ని అందుకున్నారు. రిమెయిన్‌కి ఓటేసినవాళ్ళే 1.61 కోట్ల మంది ఉన్నప్పుడు వాళ్ళలోంచి 41 లక్షల సంతకాలు రావడం వింతేమీ కాదు, అది పశ్చాత్తాపానికి రుజువూ కాదు. అందులో కనీసం 77 వేల దొంగ సంతకాలని తీసేశారు కూడా.

"మర్నాడే ఏడ్చారు" అన్న మాటలో కొంచెం నిజం ఉంది. నా ఓటు వల్ల ఏమవుతుందిలే అనుకున్నానని టీవీలో చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ 2017 ఎన్నికల్లో బ్రెగ్జిట్‌ని అమలు చేస్తామన్న రెండు పెద్ద పార్టీలకి కలిపి 82 శాతం ఓట్లు పడ్డాయి, 2019 డిసెంబర్‌లో ఆ ఒక్క నినాదం మీదే బోరిస్ జాన్సన్ 80 సీట్ల మెజారిటీతో గెలిచాడు. ఒక్క రాత్రిలో మనసు మారిన దేశం మూడున్నరేళ్ళ తర్వాత అలా ఓటేస్తుందా? మార్పు వచ్చింది, కాకపోతే మెల్లగా వచ్చింది. ఈమధ్య సర్వేల్లో సగానికి పైగా జనం ఆ నిర్ణయం తప్పంటున్నారు. అందులోనూ అప్పట్లో లీవ్‌కి వేసి ఇప్పుడు తప్పనేవాళ్ళు ఆ ఓటర్లలో సుమారు ఐదో వంతే, మిగతాది ఎక్కువగా అప్పుడు ఓటు వెయ్యనివాళ్ళూ, అప్పటికి వయసు రానివాళ్ళూ తెచ్చిన తేడా. ఇది పోల్స్ చదివే జాన్ కర్టిస్ లాంటివాళ్ళు ఎన్నోసార్లు వివరించిన సంగతే.

ముసలివాళ్ళ మీద నింద కూడా సగమే నిజం. 18-24 ఏళ్ళవాళ్ళలో 73 శాతం రిమెయిన్, 65 దాటినవాళ్ళలో 60 శాతం లీవ్ అని లార్డ్ యాష్‌క్రాఫ్ట్ సర్వే చెప్పింది. అంటే పెద్దవాళ్ళలోనూ పదిమందిలో నలుగురు ఉండిపోదామన్నారు. కుర్రాళ్ళు 36 శాతమే ఓటేశారన్న ఇంకో మెసేజ్ కూడా అప్పుడే పుట్టింది, అది ఆ రోజు ఓటేసినవాళ్ళని లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు వేసిన అంచనా 64 శాతం.

ద్వేషం మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దాన్ని కొట్టిపారెయ్యడం కూడా తప్పే. 2016 జులైలో ఇంగ్లాండ్, వేల్స్‌లలో జాతి, మతం పేరుతో నమోదైన నేరాలు అంతకుముందు ఏడాది జులై కన్నా 41 శాతం ఎక్కువ. లండన్‌లో పోలిష్ వాళ్ళ సాంస్కృతిక కేంద్రం తలుపు మీద పిచ్చిరాతలు రాశారు. ఇవి చిన్నవి కావు. కానీ ఆసియా మూలాలున్న ఓటర్లలోనూ దాదాపు మూడో వంతు లీవ్‌కే వేశారు, మనవాళ్ళు బాగా ఉన్న స్లౌ పట్టణంలో 54 శాతంతో లీవ్ గెలిచింది. కారణం తెలియాలంటే ఓటు ఎవరికుందో చూడాలి. ఇండియా కామన్వెల్త్‌లో (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాల కూటమి) ఉంది కాబట్టి అక్కడ వీసా మీద పని చేస్తున్న హైదరాబాద్ ఇంజనీరుకి ఆ రెఫరెండంలో (ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో) ఓటు ఉండింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నా, బ్రిటిష్ పౌరసత్వం తీసుకోని ఫ్రెంచ్ టీచరుకి లేకపోయింది. యూరప్ వాళ్ళు వీసా లేకుండా రావొచ్చు, మన అక్కచెల్లెళ్ళు రావాలంటే ఇన్ని కాగితాలా అన్న బాధని లీవ్ ప్రచారం బాగా వాడుకుంది. 2021లో యూరప్ వాళ్ళకీ మిగతావాళ్ళకీ ఒకేలా పాయింట్లు వేసి వీసా ఇచ్చే కొత్త పద్ధతి, ఆ జులైలో చదువయ్యాక రెండేళ్ళు ఉండిపోయే వీసా వచ్చాయి, 2022కల్లా స్టూడెంట్ వీసాల్లో మనవాళ్ళు చైనాని దాటేశారు. "ఇండియన్లని గెంటడానికే ఓటేశారు" అన్నది ఈ లెక్కల ముందు నిలబడదు.

చివరికి ఆ "జనానికి వదిలెయ్యకూడదు" అన్న మాట. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పంపుతున్నామని బస్సు మీద రాసుకుని తిరిగింది నాయకులు, బ్రిటన్‌కి వచ్చే రాయితీని తీసెయ్యకుండా చెప్పిన ఆ అంకె తప్పుదోవ పట్టించేదని గణాంకాల సంస్థ ముందే చెప్పినా మానలేదు. బ్యాలెట్ పేపర్ మీద ఉండాలా, పోవాలా అనే అడిగారు, పోతే ఎలా పోవాలి, ఈయూ దేశాల ఉమ్మడి సింగిల్ మార్కెట్‌లో ఉంటామా, ఐర్లాండ్ సరిహద్దు సంగతేంటి అని ఒక్క ముక్క లేదు. రెఫరెండం పెట్టిన డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం, లీవ్ గెలిస్తే ఏం చెయ్యాలో ముందస్తు ప్లాన్ వెయ్యొద్దని తన అధికారులకే చెప్పింది, 2016 జులైలో పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ దాన్ని ఘోరమైన నిర్లక్ష్యం అని రాసింది. అంటే ఆ రోజు పొద్దున "బయటికి వస్తే ఏమవుతుంది" అని ఫోన్‌లో వెతికిన మనిషి దగ్గర ఎంత జవాబుందో ప్రధాని ఆఫీసు దగ్గరా అంతే ఉంది. ఆ జవాబు కోసం పార్లమెంటు 2019లో, బయటికి రావడానికి ప్రభుత్వం ఈయూతో కుదుర్చుకున్న ఒకే ఒప్పందాన్ని మూడుసార్లు తిప్పికొట్టింది, బయటికి రావడానికి 2020 జనవరి 31 దాకా పట్టింది.