ఇల్లు కట్టి చూడు, ఎక్స్ఎంఎల్‌లో లెక్క రాసి చూడు

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక బోరు, మూడు పార్టీలు ఉన్నాయి. మెయింటెనెన్స్ లెక్కలు డేటాబేస్‌లో (సమాచారాన్ని పట్టికలుగా దాచే ప్రోగ్రాంలో) పెట్టాలని ఒక పార్టీ, ఎక్స్ఎంఎల్ ఫైల్లో (ప్రతి ముక్కకీ అటూ ఇటూ ట్యాగు అనే పేరుచీటీ తగిలించి) రాయాలని ఇంకో పార్టీ. మూడో పార్టీ పొద్దున్నే కుళాయిలో నీళ్లొస్తే చాలంటుంది. దాని మాట ఎవరూ పట్టించుకోలేదు. ట్రెజరర్‌ని కాబట్టి నేను బాగా ఆలోచించి ఎక్స్ఎంఎల్ పక్షాన నిలబడ్డాను. ఎందుకో వివరంగా చెప్పుకోవాల్సిన బాధ్యత నా మీద ఉంది.

ముందు డేటాబేస్ దుర్మార్గం చెబుతాను. 302లో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక ఆదివారం ల్యాప్‌టాప్ తెచ్చుకుని మా సోఫాలో కూర్చున్నాడు. ఒక్క రూపాయి లెక్క రాయలేదు, ప్రశ్నలు మొదలుపెట్టాడు. "అంకుల్, ఫ్లాటుకి ఓనర్ ఒక్కరేనా, ఇద్దరుండొచ్చా? అద్దెకున్నవాళ్లు కడితే ఎవరి పేరు మీద రాయాలి? 104, 105 మధ్య గోడ కొట్టేసి ఒకటి చేసుకున్నారు కదా, అది ఒక ఫ్లాటా, రెండా?"

ఆ ఆఖరి ప్రశ్న మీద మా అసోసియేషన్ ఇప్పటికి రెండుసార్లు చీలింది. టీ కప్పు చేతిలో పెట్టుకుని ఎంత తేలిగ్గా అడిగాడో చూడండి.

తప్పు ఆ అబ్బాయిది కాదు. ఐబీఎంలో పనిచేసిన కాడ్ అనే పెద్దమనిషిది. సమాచారాన్ని వరుసలుగా, గళ్లుగా పట్టికల్లో పెట్టుకుంటే చాలు, అది యంత్రంలో ఎక్కడ దాగుందో వాడుకునేవాడికి తెలియక్కర్లేదని 1970లో ఆయన ఒక పేపరు రాశాడు. పట్టిక అన్నాక గళ్లుంటాయి. ఏ గడిలో ఏం రాయాలో ముందే తేల్చుకోవాలి. అలా ముందే తేల్చుకోగలిగితే మాకు అసోసియేషన్ ఎందుకు?

ఎక్స్ఎంఎల్‌కి ఈ పట్టింపుల్లేవు. 1998 ఫిబ్రవరిలో అధికారికంగా వచ్చింది. కొన్నేళ్లకే అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద జావా పక్కన చేరిపోయింది. నేను నేర్చుకున్నదీ అక్కడే, జిరాక్స్ మెటీరియల్ ఇంకా అటక మీదుంది. కావలసిన పేరుతో ట్యాగు తెరువు, లోపల తోచింది రాయి, ట్యాగు మూసెయ్. అంతే. 104 అనే ఫ్లాటు లోపల 105 అనే ఫ్లాటును దూర్చి రాశాను. ఫైలు కిక్కురుమనలేదు. స్కీమా అని రాసిపెడితే ఇక్కడ కూడా కట్టుబాట్లు వస్తాయట. మేం ఆ జోలికి పోలేదు.

పైగా ఇందులో ట్యాగుల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. భాషాభిమానంతో అన్నీ తెలుగులోనే పెట్టాను. మొదటి నెల లెక్క పూర్తిచేసి తెరిస్తే, తెరిచిన ట్యాగుకు మూసిన ట్యాగు సరిపోలేదని ఎర్రక్షరాలు వచ్చాయి. చూస్తే రెండుచోట్లా "ఫ్లాట్" అనే ఉంది. కళ్లజోడు తుడుచుకుని చూశాను, అప్పుడూ ఫ్లాటే. రాత్రి పదింటికి 302 అబ్బాయి వచ్చి, కర్సర్ పెట్టి బాణం మీట ఒక్కొక్కసారే నొక్కాడు. మొదటి ఫ్లాట్ చివర, పొల్లు దాటాక, ఒక నొక్కుకి కర్సర్ కదల్లేదు. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా మన కీబోర్డులు మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెడతాయట. తెరిచిన చోట అది ఉంది, మూసిన చోట లేదు. లేనిదాన్ని లేదని పట్టుకోవడం ఎవరైనా చేస్తారు. కనబడనిదాన్ని ఉందని పట్టుకోవడానికి మా ఎక్స్ఎంఎలే కావాలి.

రెండో నెల ప్లంబింగ్ సామాన్లు కొన్న షాపు పేరు చివర "& సన్స్" అని ఉంది. ఉన్నదున్నట్టు దించాను. ఎక్స్ఎంఎల్‌లో ఆ గుర్తును విడిగా రాయకూడదు, దానికి వేరే మారువేషం వెయ్యాలి. వెయ్యకపోతే చదివే ప్రోగ్రాం అక్కడే ఆగాలని రూలు. షాపాయన కొడుకుల వల్ల 40 ఇళ్ల లెక్క ఆగిపోయింది. తెలియనివాళ్లు దీన్ని లోపం అంటారు. నేను క్రమశిక్షణ అంటాను.

డేటాబేస్ పార్టీవాళ్లు చీటికీమాటికీ "యాసిడ్" అంటుంటారు. పని పూర్తిగా జరగాలి లేదా అసలు జరగకూడదు, పెట్టుకున్న నియమాలు తప్పకూడదు, ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడకూడదు, కరెంటు పోయినా రాసింది పోకూడదు అని నాలుగు గుణాలకు పెట్టిన పొట్టి పేరు అది. మా సెక్రటరీగారు "యాసిడ్ ఎందుకండీ, వాచ్‌మన్ గదిలో రెండు సీసాలున్నాయి" అని తోసిపుచ్చారు. ఆ వారంలోనే ఒక రాత్రి ఆయనా నేనూ ఒకే ఫైలు తెరిచాం. ఆయన 11 గంటలకు సేవ్ చేశారు, నేను 11:10కి. జనరేటర్ డీజిల్ ఖర్చు సున్నా అని తేలిన నెల మా చరిత్రలో అదొక్కటే. జనరల్ బాడీలో చప్పట్లు కూడా కొట్టారు.

మధ్యేమార్గంగా ఎక్సెల్ వాడదామని 201 మేడమ్ అన్నారు. ఆ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూపించాను. లోపలంతా ఎక్స్ఎంఎలే, 2007 నుంచీ అంతే. ఆవిడ తెలియకుండానే మా పార్టీ మనిషి అయిపోయారు. (40 ఇళ్లకు ఒక నోట్‌బుక్కు చాలని నాకూ తెలుసు. కానీ నోట్‌బుక్కు మీద ఇంత వ్యాసం రాయలేం.)

మా ప్రత్యర్థులు "బిలియన్ లాఫ్స్" పేరు చెప్పి భయపెట్టబోయారు. ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్లో నవ్వు అని ఒకటి రాసి, పది నవ్వులు ఒక మాట, అలాంటివి పది కలిస్తే ఇంకో మాట అని పేర్చుకుంటూ పోతే, ఒక కేబీ కూడా లేని ఫైలు విప్పేసరికి వంద కోట్ల నవ్వులై, మూడు జీబీల మెమరీ మింగి కంప్యూటర్‌ని కూలబెడుతుందట. నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ఇందులో కొత్తేముంది?

302 అబ్బాయి చివరి ప్రయత్నంగా "ఎక్స్ఎంఎల్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపడానికి కవరు లాంటిది అంకుల్, దాచుకోవడానికి బీరువా ఉండాలి" అన్నాడు. నిజమే, ఆధార్ ఆఫ్‌లైన్ కేవైసీ వచ్చేది అలాంటి కవర్లోనే. కానీ మా ఇంట్లో బీరువా తలుపు తీస్తే మీద పడేవి కవర్లే. శుభలేఖలు, ఎల్ఐసీ రసీదులు, 2014 నాటి కరెంటు బిల్లులు. ఏది కావాలన్నా దొరుకుతుంది, ఒక పూట పడుతుంది.

చివరికి రాజీ కుదిరింది. దీనికి పెద్దల ఆశీస్సులున్నాయి. మైక్రోసాఫ్ట్ 2005లో తన డేటాబేస్‌లో ఎక్స్ఎంఎల్‌కు ప్రత్యేకంగా ఒక గది కేటాయించింది. మరుసటి ఏడాది సాక్షాత్తూ ఐబీఎమ్మే ఆ పని చేసింది. కాడ్‌గారు 2003లోనే పోయారు, చూడాల్సిన బాధ తప్పింది. ఆ బాటలోనే మేమూ డేటాబేస్ పెట్టాం. అందులో ఒకే పట్టిక, పట్టికలో ఒకే గడి, ఆ గడిలో మా ఎక్స్ఎంఎల్ ఫైలు మొత్తం. వరుస నంబరు 1. రెండో వరుస అవసరం ఇంతవరకూ రాలేదు.