బోరులో బెల్లం పోస్తే విషం పోతుందా?

"కంపెనీల పక్కన మీ బోరులో సాల్వెంట్ కలిసిందా? పది కిలోల బెల్లం, బకెట్ పెరుగు కలిపి పోయండి. 21 రోజుల్లో బ్యాక్టీరియా విషాన్ని తినేస్తుంది. వాసన పోతే తాగొచ్చు. అమెరికావాళ్లు దాచిన రహస్యం!" మా బావగారి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపు దాకా అందరూ ఇదే పంపుతున్నారు, దండం బొమ్మతో సహా.

రహస్యమా? క్లోరిన్ ఉన్న సాల్వెంట్‌ను (గ్రీజు, మరకలు వదిలించే ద్రావకం) విరగ్గొట్టే బ్యాక్టీరియా గురించి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 1997లోనే సైన్స్ పత్రికలో అచ్చేశారు. ఇప్పుడు ఇలాంటి సూక్ష్మజీవుల్ని కంపెనీలు అమ్ముతున్నాయి కూడా.

పెరుగా? అందులో ఉండేవి వేరు, ఈ పని చేసే డీహాలోకోకాయిడిస్ అనే బ్యాక్టీరియా వేరు. దానికి ఆక్సిజన్ పడదు. పెరుగు అన్నంలో కలుపుకోండి.

బెల్లం దగ్గర మాత్రం నేనే తగ్గాలి. భూగర్భజలాల శుద్ధికి మొలాసిస్ (చక్కెర మిల్లుల మడ్డి), సోయా నూనె, లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లపు లవణం) నిజంగానే పంపు చేస్తారు. అవి భూమిలో పులిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దాంతో ఆ జీవి సాల్వెంట్‌లోని క్లోరిన్‌ను ఊడబీకుతుంది. రాసినవాడు ఎక్కడో సగం చదివాడన్నమాట.

చదవని సగంలోనే ప్రాణాల మీదికొచ్చేది ఉంది. ట్రైక్లోరోఎథిలీన్ అనే సాల్వెంట్‌లో మూడు క్లోరిన్లు. ఒక్కటి పోతే డైక్లోరోఎథిలీన్, రెండోది పోతే వినైల్ క్లోరైడ్, మూడోది కూడా పోతేనే ఎథిలీన్, అప్పుడే గండం గడిచినట్టు. వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలింది. అమెరికా తాగునీటిలో ట్రైక్లోరోఎథిలీన్‌కు పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే, వినైల్ క్లోరైడ్‌కు 2. అంటే పని వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగితే ముందున్నదాని కంటే ఘోరం. పని మధ్యలో ఆగుతుంది కూడా. డెలావేర్‌లోని డోవర్ వైమానిక స్థావరంలో నిపుణులు లాక్టేట్ ఎక్కించి, చుట్టూ బావులు పెట్టి కొలుస్తూ కూర్చున్నారు. 269 రోజులైనా డైక్లోరో దగ్గరే నిలిచిపోయింది. ఫ్లోరిడా నుంచి తెచ్చిన సూక్ష్మజీవుల్ని కలిపాక, 509వ రోజుకు గానీ మొత్తం ఎథిలీన్‌గా మారలేదు. మనవాడికి 21 రోజులు చాలట!

నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో అయితే ఎవరూ ఏమీ పొయ్యలేదు. డ్రైక్లీనింగ్ షాపు నుంచి ఇంకిన సాల్వెంట్‌ను నేలలోని బ్యాక్టీరియానే 'తినడం' మొదలుపెట్టింది. తాగునీటి బావుల్లో అసలు సాల్వెంట్‌తోపాటు వినైల్ క్లోరైడ్ కూడా తేలింది.

ఇక వాసన. లీటరులో 2 మైక్రోగ్రాములు పసిగట్టే ముక్కుంటే ల్యాబుల్లో ఉద్యోగం గ్యారంటీ. పైగా బెల్లం పోస్తే వచ్చేది కుళ్లిన గుడ్ల కంపు, తుప్పు రంగు నీళ్లు. సాల్వెంట్ నీటి కంటే బరువు, గ్రానైట్ పగుళ్లలో ఎక్కడికి దిగిందో మీ ఒక్క బోరుకేం తెలుసు?

టీడీఎస్ మీటర్ ముంచి "నూటయాభై, సూపర్" అనుకోకండి, దానికి ఇవేవీ కనపడవు. అనుమానముంటే ఆ బోరు నీళ్లు తాగడం ఆపి, వీఓసీ (సాల్వెంట్ల లాంటి ఆవిరయ్యే రసాయనాల) పరీక్ష చేసే ల్యాబ్‌కు శాంపిల్ ఇవ్వండి. ఇచ్చేముందు, రిపోర్టులో వినైల్ క్లోరైడ్ కూడా వస్తుందా అని అడగండి.