అడవికీ ఒత్తు తీయాలి

తొలకరి పడగానే మన నాయకులకు మొక్కలు గుర్తొస్తాయి. ఫలానా జిల్లాలో ఇన్ని లక్షలు, ఫలానా శాఖ లక్ష్యం ఇంత అని ప్రకటనలు గుప్పిస్తారు. నాటినవాటిలో ఎన్ని బతికాయని అడిగేవారు తక్కువ. బతికినవి ఎంత ఒత్తుగా ఉన్నాయి, నేలలో తడి వాటికి చాలుతుందా అని అడిగేవారు మరీ తక్కువ. అడవి బాగుపడాలంటే ఒక్కోచోట కొన్ని చెట్లు తీసేయక తప్పదన్నది మా అభిప్రాయం. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు.

గుంటూరు రైతుకు ఇందులో వింతేమీ లేదు. జొన్నలోనో నువ్వులోనో ఒత్తు మొక్కలు పీకకపోతే చేనంతా పీలగా పోతుందని అతనికి తెలుసు. టేకు తోటల్లో పద్ధతీ అదే. 2 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. సుమారు అయిదేళ్లకు వాటిలో సగం తీసేస్తే మిగిలినవాటికి వెలుగూ, వేళ్లకు చోటూ దొరికి మాను లావెక్కుతుంది. తీయకపోతే అన్నీ సన్నగా పైకి ఎగబాకుతాయి, కలపకు పనికిరావు.

నీటి దగ్గరే తికమక. పలచన చేశాక మిగిలిన ఒక్కో చెట్టు మునుపటికంటే ఎక్కువే తాగుతుంది. దాని ఆకు పెరుగుతుంది, ఎండా గాలీ బాగా తగులుతాయి. అయినా చెట్లు తగ్గాయి కనుక మొత్తం అడవి తాగేది కొంతకాలం తగ్గుతుంది. ఆకులపైనే నిలిచి ఆవిరయ్యే వాన కూడా కొంత నేలకు దిగుతుంది. వివిధ దేశాల్లో పరీవాహకాల్లో, అంటే ఒక వాగుకు నీరందించే ప్రాంతాల్లో, జరిగిన 94 ప్రయోగాలను బాష్, హ్యూలెట్ అనే శాస్త్రవేత్తలు 1982లో సమీక్షించారు. పైన్, యూకలిప్టస్ (మన జామాయిల్) అడవుల్లో చెట్ల కప్పు 10 శాతం తగ్గితే ఏటా సుమారు 40 మి.మీ. నీరు అదనంగా వాగుల్లో చేరుతుందని తేల్చారు. హెక్టారుకు లెక్కేస్తే 4 లక్షల లీటర్లు. ఆకురాల్చే అడవుల్లో అది 25 మి.మీ., పొదల్లో 10. అయితే 20 శాతంలోపు నరికితే వాగులో తేడా కనిపెట్టడమే కష్టమని కూడా వారే చెప్పారు. పైగా ఈ లాభం శాశ్వతం కాదు. కొన్నేళ్లకు కొమ్మలు మళ్లీ కలుసుకుంటాయి, మోళ్లు పిలకలు వేస్తాయి, కింద గడ్డీ కంపా కమ్ముకుని ఆ నీటిని పంచుకుంటాయి.

ఈ అంకెలు చూసి రేపే కొండపల్లికి గొడ్డళ్లు పంపితే అంతకంటే తెలివితక్కువ పని ఉండదు. కొండపల్లి, కొండవీడు కొండలపై ఉన్నది ఆకురాల్చే మెట్ట అడవి. నేలలో తడి ఆరిపోయే రోజుల్లో ఆ చెట్లు ఆకు దులుపుకుని నీటి వాడకాన్ని బాగా తగ్గించుకుంటాయి. జామాయిల్ ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, తాగుతూనే ఉంటుంది. కర్ణాటకలో జరిగిన అధ్యయనంలో లోతైన నేలల్లో ఈ తోటలు కురిసిన వానకంటే ఎక్కువ నీరు వాడినట్టు తేలింది. వేళ్లు దిగినకొద్దీ అడుగున ఉన్న పాత తడిని తోడేశాయన్నమాట. అంత లోతులేని నేలల్లో మాత్రం వాటి వాడకం స్థానిక అడవిని మించలేదు. జామాయిల్‌ను తిట్టే ముందు నేల లోతు చూడాలి.

మన కొండల జబ్బు వేరు. వంటచెరకు కోసం మళ్లీ మళ్లీ నరికిన మోళ్ల నుంచి పిలకలు గుంపుగా లేచి, ఏదీ చెట్టు కాలేక గుబురుగా మిగిలిపోతాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి తక్కినవి తీయాల్సింది అక్కడ. కొండపల్లి బొమ్మకు ఆధారమైన తెల్లపొణికి గింజ మొలకెత్తడమే కష్టం. మొలిచిన మొక్కను కంప మింగేయకుండా కాపాడాలి. ముదురు పొణికిని ఒత్తు పేరు చెప్పి ముట్టకూడదు.

వాగులోకి అదనంగా నీరొస్తుందంటే 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన విజయవాడవాసి సంబరపడడు. అంతటి కుంభవృష్టికి కొన్ని చెట్లు ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు గానీ, వాలును బోడిగా వదిలితే మట్టి కొట్టుకొచ్చి వాగులు పూడుతాయి. కొట్టిన కొమ్మలను వాలుకు అడ్డంగా పరవాలి, కందకాలు తవ్వాలి. ఈ పని చేయకుండా పలచన చేయడం కంటే చేయకపోవడమే నయం.

మా అసలు భయం డబ్బు గురించి. తీయాల్సింది వంకర, తెగులు, సన్న చెట్లను. ధర పలికేది లావు మానుకు. వర్కింగ్ ప్లాన్ (ఎక్కడ, ఏ చెట్లు, ఎప్పుడు తీయాలో చెప్పే అటవీ ప్రణాళిక) లేనిదే అడవిలో నరకవద్దని సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో 1996లోనే ఆదేశించింది. నీరు, నేల, చెట్టు మూడింటినీ కలిపి చూసే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. అయినా ఆ మూడింటినీ మూడు శాఖలు ఎవరి ఫైలు వారిదిగానే చూస్తున్నాయి.

ముందు పరీక్షగా కొండపల్లి అడవిలో పక్కపక్కనున్న రెండు చిన్న వాగులను ఎంచుకోవాలి. ఒకదాని పరివాహకంలో మాత్రమే ఒత్తు తీసి, రెండోదాన్ని ముట్టకుండా వదలాలి. వానను, వాగు ప్రవాహాన్ని, చెట్ల చుట్టుకొలతను కనీసం అయిదేళ్లు కొలవాలి. ఆ బాధ్యతలో గుంటూరు పక్కన లాంలోనే ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని అటవీ శాఖ కలుపుకోవాలి. తీయబోయే ప్రతి చెట్టుకూ వన సంరక్షణ సమితి సభ్యుల ఎదుటే రంగు గుర్తు పెట్టాలి. ఆ జాబితాను గొడ్డలి పడకముందే పంచాయతీ గోడకు అంటించాలి.