రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చే క్రిస్మస్ తాత

ఇప్పుడే, రాత్రి 9.10కి, బడి గ్రూపుల మెసేజ్ పడ్డది. "డియర్ పేరెంట్స్, రేపు మన స్కూల్లో క్రిస్మస్ సెలబ్రేషన్స్. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలందరూ సాంటా డ్రెస్‌లో రావాలి. వైట్ షూస్ కంపల్సరీ." కింద దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి. రేపు అంటే ఇంక పదకొండు గంటలు. క్రిస్మస్ ఏటా డిసెంబర్ 25నే వస్తదని ఈ బడోళ్లకు ఇయ్యాల పొద్దుమీకినంకనే తెలిసినట్టుంది.

ముందుగాల ఒక్క మాట. క్రిస్మస్ తాతకు తెల్ల బూట్లు ఎక్కడియి తల్లీ? ఆయన తొడిగేటియి నల్లయి. తెల్లయి శనివారం పీటీ డ్రెస్ మీదియి. ఎట్లాగూ ఇంట్ల పడి ఉన్నయని తాత కాళ్లకు తొడిగిన్రు. మంచిదే, ఒక ఖర్చు తప్పింది.

గ్రూపుల అప్పుడే పద్నాలుగు బొటనవేళ్లు లేచినయి. అన్నీ నాయనలయే. బొటనవేలు లేపినోడు సూది పట్టడు, అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రకాశం బజార్ల షటర్లు దించే టైముకు ఎర్ర బట్ట ఏడ తెస్తరు? నల్లగొండల ఉన్నోళ్లకు గడియారం సెంటర్ దాకా ఉరుకుదామనే ఆశన్న ఉంటది. చుట్టుపక్కల ఊర్ల నుంచి బడి బస్సుల పిల్లలను పంపేటోళ్ల సంగతి ఆ మెసేజ్ కొట్టినామెకు యాదికొచ్చిందా?

సరే, ఏడ్వకుండ్రి. ఇంట్ల ఉన్నదానితోనే అయితది. వినుండ్రి.

ఇంట్ల పెద్దోళ్లది ఎర్ర టీ షర్టు ఒకటి తీయుండ్రి. పార్టీ గుర్తు ఉన్నదైతే తిరగేసి కుట్టుండ్రి. నాలుగేండ్ల పిల్లకు అది మోకాళ్ల దాకా వస్తది, అదే కావాలె. రెండు పక్కల లోపలికి మడిచి, పిల్ల ఛాతీ కొలత మీద నాలుగు అంగుళాలు వదులు ఉంచి, పెద్ద పెద్ద టాకాలు ఏస్తే చాలు. పండుగైనంక దారం గుంజితే షర్టు మళ్ల షర్టే. తెల్ల అంచుకు పాత టర్కీ టవల్ రెండంగుళాల పట్టీలు కత్తిరించి టాకాలేయుండ్రి. జిగురుతోని దూది అంటించేటోళ్లకు దండం. ఆ జిగురు తెల్లారేదాకా ఆరదు. ఆరితే అట్ట లెక్క గట్టిపడి మెడకు గీసుకుంటది. బస్సెక్కేసరికి దూది సగం సీటుకు, సగం పక్క పిల్ల నోట్లకు.

టోపీకి రెండు ముక్కోణాలు. అడుగు 11న్నర అంగుళాలు, ఎత్తు 14. రెండు పక్కల అరంగుళం కుట్టుకు పోతే చుట్టుకొలత 21 వస్తది. నాలుగేండ్లోళ్ల తలకాయ ఇంచుమించు 20 ఉంటది కాబట్టి ఒదుగ్గ కూసుంటది. కొనకు పాత తెల్ల సాక్సు ఉండ చుట్టి కుట్టుండ్రి.

ఇగ గడ్డం. అసలు లొల్లంత దీనితోనే. దవాఖాన దూది చుట్ట విప్పి మూతికి అంటిస్తరు చూడుండ్రి, వాళ్లను ఏమనాలె? డిసెంబర్‌ల ముక్కు కారని పిల్లలు ఎవరన్న ఉన్నరా? దూది తడిసి పెదాలకు అతుక్కుంటది, పిల్ల గుంజుకుంటది, పోగులు నోట్లకు ముక్కులకు పోయి తుమ్ములు. పాత తెల్ల బనీను తీయుండ్రి. ఆరంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడుగు ముక్క కత్తిరించుండ్రి. మీద మూడంగుళాలు వదిలిపెట్టి, కింద అరంగుళం చొప్పున పట్టీలు చీరుండ్రి. ఒక్కో పట్టీని చివర పట్టుకొని గట్టిగ గుంజితే బనీను గుడ్డ దానంతటదే గుండ్రంగ చుట్టుకుంటది, అచ్చం ఉంగరాల గడ్డమే. నోటి కాడ బొక్క పెట్టుడు మర్వకుండ్రి, పిల్ల ఊపిరి పీల్చాలె గదా. చెవులకు కరోనాల కొన్న మాస్కుల ఎలాస్టిక్ వాడుండ్రి, ఏ డ్రాయర్లనో ఇంకా ఉంటయి. మెత్తగుంటది, చెవి కొయ్యదు. మెడ ఎనక మాత్రం ఏదీ ముడి ఎయ్యకుండ్రి. పిల్లలు ఒకరి గడ్డం ఒకరు గుంజుకుంటరు, మెడకు బిగుసుకుంటది.

ఇగ ఎవ్వరూ ఆలోచించని సంగతి, పిల్లకు ఒకటికొస్తే ఎట్ల? నడుముకు నల్ల బెల్టు, దాని మీద గట్టి ముడి, కింద నాడా ప్యాంటు, దాని కింద లెగ్గింగు. క్లాసుల నలభై మంది తాతలు, ఒక్క ఆయమ్మ. పది గంటలకు ఒక తాత పోవాలంటడు, అది చూసి మిగతా తాతలకూ వస్తది. ఆయమ్మ ముడి విప్పేలోపల పని అయిపోతది. బెల్టును ఎనక ఒక్క టాకాతో షర్టుకే కుట్టుండ్రి, ముంగట ముడి వద్దు. ప్యాంటుకు ఉత్త ఎలాస్టికే ఉండాలె. సంచిల ఒక లాగు, ఒక కవరు పెట్టి పంపుండ్రి. "పిల్లలకు డిసిప్లిన్ నేర్పుతున్నం" అని మీటింగుల చెప్పేటోళ్లు దీని గురించి ఒక్క ముక్క మాట్లాడరు.

కొనేటోళ్లకు ఇంకో తీరు కష్టం. రెడీమేడ్ డ్రెస్సు ఉత్త పాలిస్టర్, లోపల అస్తరు ఉండదు. పొద్దుగాల చలికి లోపల స్వెట్టర్ ఏసి పంపుతరు. మధ్యాహ్నానికి ఎండ 28, 29 డిగ్రీలు. ఆ గుడ్డ చెమట పీల్చదు, పిల్ల ఒళ్లంత దద్దుర్లు. లోపల పల్చటి నూలు బనీను చాలు, మీద స్వెట్టర్ ఏస్తే బస్సు దిగంగనే తీయొచ్చు. ఇంకో సంగతి, మీటరున్నర ఎర్ర బట్ట ఉంటే, 44 అంగుళాల పన్నాల, ఈ సైజు పిల్లకు అంగీ, ప్యాంటు రెండూ వస్తయి. వారం ముందు చెప్తే ఏ టైలర్ అయినా నూలు బట్టతోనే కుట్టిస్తడు. వారం ముందు. విన్నరా మేడమ్?

కాని టోపీ కొంటే ఒక్కటి చూడుండ్రి, దీని మీద మాత్రం నాకు నవ్వులాట లేదు. ఇప్పుడు టోపీల కొన మీద మిణుకుమిణుకుమనే లైట్లు వస్తున్నయి. లోపల గుండీ అంత బ్యాటరీ ఉంటది. మూతకు స్క్రూ లేకుంటే పిల్లల గోటికే ఊడొస్తది. మింగితే అది తిండి గొట్టంల ఇరుక్కుంటది. తడి తగలంగనే కరెంటు పారి, రెండు గంటలల్లనే గొట్టాన్ని లోపల్నుంచి కాలుస్తది. మనోళ్లేం చేస్తరు? రూపాయి బిళ్ల మింగిండనుకొని అరటిపండు పెట్టి, "రేపు దొడ్డికి పోతే వస్తది తియ్" అంటరు. రేపటిదాకా ఆగేది కాదది. ఉన్నపళంగ ఎక్స్‌రే ఉన్న దవాఖానకు ఉరకాలె. కక్కించొద్దు. ఏడాది దాటిన పిల్లయితే, మింగగలిగితే, తొవ్వల పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇయ్యొచ్చు, ఆరు సార్ల కంటే ఎక్కువ కాదు. తేనె కోసం దుకాణాలు వెతుక్కుంట నిలబడొద్దు. ముక్కుల పెట్టుకున్నా అదే కాలుడు. స్క్రూ లేని లైటు టోపీ కనబడితే కత్తెర తీసి ఆ కొన కోసి పారెయ్యుండ్రి, పిల్ల ఏడిస్తే ఏడ్వనీ.

అసలు నాకొక డౌటు. క్రిస్మస్ అంటే ఈ ఎర్ర టోపీ ఒక్కటేనా? లూకా సువార్తల యేసు పుట్టిన సంగతి దూత ముందుగాల చెప్పింది ఎవరికి? రాత్రిపూట పొలంల మంద కాస్తున్న గొర్ల కాపర్లకు. మన మహబూబ్‌నగర్, నారాయణపేట, దేవరకొండ దిక్కు గొంగడి కప్పుకొని గొర్ల ఎంబడి తిరిగిన తాతలు ఉన్న ఇండ్లు ఎన్ని? ఆ తాత మనుమణ్ణి ఎర్ర పాలిస్టర్ల ముంచి, ఎన్నడూ చూడని మంచు తాతను చేస్తరు. నాటకంల కాపరి ఏషం ఏస్తే తలకు స్నానం టవల్ చుట్టి నల్ల రిబ్బన్ కడ్తరు. ఇంట్ల పెట్టె మీద గొంగడి మడత పెట్టే ఉంటది, దాన్ని మాత్రం ముట్టరు. దురద పెడ్తదంటరు. పెడ్తది, లోపల నిండు చేతుల అంగీ ఏస్తే పెట్టదు. పసి యేసును చూడొచ్చిన జ్ఞానులు ముగ్గురని కూడా బైబిల్ల లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం, ఈ మూడు కానుకలున్నయి కాబట్టి మనం ముగ్గురిని చేసుకున్నం. ఇరవై మంది పిల్లలుంటే ఇరవై మందిని జ్ఞానులను చేసినా తప్పు లేదు, ఏ తల్లీ అలగదు. ఈ ఉపాయం సండే స్కూల్ టీచర్లకు ఫ్రీ.

సండే స్కూల్ అంటే యాదికొచ్చింది. బడోళ్లనే అంటున్న గాని మన చర్చీలోళ్లు తక్కువనా? 24 రాత్రి ప్రోగ్రాం అని కార్డుల 6.30 అని కొడ్తరు. 8.30 దాకా మైకు "హలో, చెక్, చెక్". తర్వాత ప్రార్థన, తర్వాత పెద్దల పరిచయం, తర్వాత శాలువాలు. ఒక్కో శాలువాకు మూడు నిమిషాలు, ఫొటో సరిగ్గ రాకుంటే మళ్ల కప్పుడు. ఎన్నికలు దగ్గర పడ్డ ఏడాదైతే శాలువాలు ఇంకా ఎక్కువ. పిల్లల ఐటమ్స్ ఎప్పుడు? ఆఖర్న. ఎందుకంటే పిల్లలయి ముందు అయితే తల్లులు లేచి ఇంటికి పోతరంట, ప్రసంగానికి కుర్చీలు ఖాళీ అయితయంట! అంటే మూడేండ్ల పిల్లలు మీ కుర్చీలకు తాళం చెవులన్నట్టు. పదకొండున్నరకు దేవదూతలను లేపి, మూతి కడిగి, స్టేజీ ఎక్కిస్తరు. ఒక దూత ఏడుస్తది, ఒక దూత కింద కూసుంటది, ఒక దూత "అమ్మా" అని మైకుల ఒర్లుతది. జనం నవ్వుతరు. సీనియర్ పాస్టరు గారు "పసిపిల్లల స్తోత్రం" అంటరు.

చెప్పేది వింటే కష్టమేం లేదు. పొద్దుమీకినంక ఏడు లోపల నర్సరీ పిల్లల ఐటం అయిపోవాలె, మూడు నిమిషాలు మించొద్దు. ఆరింటికే పెరుగన్నమో ఇడ్లీనో తినిపియ్యాలె. ఆకలితోని ఉన్నోళ్లకు ఎనక నుంచి జీడిపప్పు కేకు ముక్కలు అందియ్యకుండ్రి. నాలుగేండ్లు నిండనోళ్లకు గింజలు గొంతుల అడ్డం పడ్తయి, అందుల ఏడ్చుకుంట నమిలితే ఇంకా ప్రమాదం.

రెక్కలు థర్మకోల్‌వి వద్దు. విరిగి పూసలు రాల్తయి, ఆ పూసలు చెవులల్ల ముక్కులల్ల తేల్తయి. తీగవి అసలే వద్దు, పక్క దూత కన్ను పొడుస్తయి. చార్టు పేపర్ రెండు మడతలేసి, భుజాలకు రెండు ఎలాస్టిక్ రింగులు పెట్టుండ్రి, బడి సంచి తొడిగినట్టు తొడగొచ్చు. రెక్క భుజం దాటి నాలుగంగుళాల కంటే బయటికి రావొద్దు, పది మంది ఒక్క వరుసల నిలబడ్తరు గదా.

ఇన్ని చేసి ఆఖరికి ఆ నెట్ గౌను ఏసిన పిల్ల చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇస్తరు! క్యాండిల్ సర్వీస్ అంట. నెట్ గుడ్డ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటది. అయిదేండ్ల లోపు పిల్లలకు బ్యాటరీ లైటు కొవ్వొత్తే ఇయ్యుండ్రి, అందుల కూడా స్క్రూ చూసి. ఒకవేళ కాలితే పారే నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలె. అతుక్కున్న గుడ్డను గుంజొద్దు. పేస్టు, సిరా, పసుపు, ఏవీ పుయ్యొద్దు. పక్కింటి పెద్దమ్మ ఎంత గట్టిగ చెప్పినా సరే.

ఇంకా, అర్ధరాత్రి ఒంటిగంటకు డప్పులు, స్పీకర్ డబ్బాలతోని వాకిట్లకొచ్చి పాటలు పాడే అన్నలారా, పాటలు మంచియే. కాని 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టొద్దు. పండుగలకని సర్కారు సడలించినా అర్ధరాత్రి 12 దాకనే, అది కూడ ఏడాదికి పదిహేను రోజులు మించకుండ. పచ్చి బాలెంత ఇంటి ముంగట ఆ డబ్బా దించి "సమాధానము", అంటే శాంతి, అని పాడుతరు. లోపల చంటిది గుక్క పట్టింది, ఎవరికి సమాధానం?

25, 26 రెండు రోజులు సెలవుంది గదా, అప్పుడు పడుకుంటరు తియ్ అంటరు. ఎవరు పడుకుంటరు? పిల్లలు పొద్దుగాల ఆరింటికే లేస్తరు, సెలవైతే అయిదింటికే. సెలవు బడికి, తల్లికి కాదు. అరిసెల పిండి, గులాబి పువ్వుల నూనె, బిర్యాని, చుట్టాలు, అన్నీ ఆ రెండు రోజులల్లనే.

ఆగుండ్రి, ఇంకో మెసేజ్ వచ్చింది. 9.52. "డ్రెస్ అరేంజ్ చేయలేని పేరెంట్స్ రూ. 200 పంపితే క్యాప్ మరియు బియర్డ్ స్కూల్లోనే ఇస్తాం."

అట్లనా! అంటే టోపీలు, గడ్డాలు ముందుగాలనే తెచ్చి పెట్టుకున్నరన్నట్టు. తేవడానికి టైమున్నది, మాకు చెప్పడానికి లేదు. బొటనవేళ్లు మళ్ల లేస్తున్నయి, ఇప్పటికి ఇరవై ఒకటి. డబ్బులు కొట్టే ముందు ఎవరన్న ఒక్కరు ఆ గ్రూపుల అడుగుండ్రి: ఆ గడ్డం దూదిదా గుడ్డదా, ఆ టోపీ కొన మీద లైటుందా, ఉంటే దానికి స్క్రూ ఉందా.