తరగతిలో ప్రథమ స్థానం ఫోనుదే

జూన్ 12న బడులు తెరిచింది మొదలు దసరా సెలవులు ఇచ్చేదాకా సాగే మొదటి టర్ము ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలల్లో ఏ మేరకు ఫలించిందని అడిగేవారు సాధారణంగా పిల్లల వైపే చూస్తారు. మూడో తరగతి పిల్లవాడి చేతికి రెండో తరగతి వాచకం ఇచ్చి చదవమంటారు. వాడు నీళ్లు నమిలితే నిట్టూర్చి, చదువులు మట్టికొట్టుకుపోయాయని తేల్చేసి, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోతారు. ఈ పద్ధతి అన్యాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. ఒక తరగతిలో ఎవరు ఎక్కువ నేర్చుకున్నారో తెలియాలంటే ఎవరికి ఎక్కువ బోధన జరిగిందో ముందు చూడాలి. ఆ లెక్కన ఈ మూడున్నర నెలలూ ఒక్క పూట నాగా లేకుండా బడికి హాజరై, ఉపాధ్యాయుడి సంపూర్ణ శ్రద్ధకు నోచుకుని, అంకె అంకెనూ కంఠస్థం చేసి ఒడ్డున పడ్డ విద్యార్థి ఒక్కటే ఉంది. అది ఉపాధ్యాయుడి ఫోను.

నాకు బాగా తెలిసిన ఒక ఊళ్లో ఏకోపాధ్యాయ పాఠశాల ఉంది. ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా, ఒక వేపచెట్టు, ఒక మాస్టారు. ఉదయం తొమ్మిది లోపే ఆయన వరండా మెట్టు మీద నిలబడి, వెలుగు ఎటు నుంచి పడుతోందో చూసుకుని, ఫోనుకు ముఖం చూపిస్తారు. ముఖం చూసి ఉపాధ్యాయుల హాజరు వేసే యాప్ రాష్ట్రంలో 2022 ఆగస్టులో వచ్చింది. యాప్ ప్రభుత్వానిది, ఫోను, అందులో వేయించే డేటా ఉపాధ్యాయుడివి. దీని మీద అప్పట్లో సంఘాలు గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. నాకు మాత్రం ఇందులో అన్యాయమేమీ కనిపించలేదు. బ్యాగు, బూట్లు, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ పిల్లలకు కిట్టు కింద సర్కారే ఇస్తున్నప్పుడు, మిగిలిన ఆ ఒక్క విద్యార్థి పోషణైనా ఉపాధ్యాయుడు భరించకపోతే ఎలా? పూర్వం మాస్టారు పేర్లు పిలిస్తే పిల్లలు ‘ప్రెజెంట్ సార్’ అనేవారు. ఇప్పుడు ముందుగా మాస్టారు ఫోనుకు ‘ప్రెజెంట్’ చెప్పుకోవాలి. ఆ తర్వాత పిల్లల హాజరు, ఆ తర్వాత ఇవాళ భోజనం చేసేవారెందరు, గుడ్డు తినేవారెందరు అన్న లెక్కలు. ఇవన్నీ ఫోనుకు ఒప్పజెప్పేసరికి మొదటి పీరియడు దాని పాఠంతోనే గడిచిపోతుంది. అప్పటిదాకా ఒకటో తరగతి వాళ్లు పలకలు తుడుస్తుంటారు. తుడిచిన పలకనే మళ్లీ తుడవడం వల్ల పలకకు ఎంత మెరుపు వస్తుందో చూసినవారికే తెలుస్తుంది.

ఫోనును బడిలో చేర్పించిన పెద్దలను నిందించడానికీ లేదు. జీతాల రోజున తప్ప ఊరి ముఖం చూడని పంతుళ్లు, తన బదులు పదో తరగతి తప్పిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి పట్నంలో చిట్టీల వ్యాపారం చేసుకున్న పంతుళ్లు మన పల్లెలు ఎరగనివారు కారు. ఆ పాపం ఊరికే పోలేదు. అప్పుడు రాని వాళ్ల మీద పుట్టిన అనుమానాన్ని ఇప్పుడు రోజూ వచ్చేవాళ్లు ఫోటోలు పెట్టి తీరుస్తున్నారు.

ఇక మధ్యాహ్నం. డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్న బడి భోజనంలో, అంతకు ముందు గోరుముద్ద అనే పేరున్నప్పటి నుంచే, పిల్లలకు వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. కొన్ని రోజులు చిక్కీ, కొన్ని రోజులు రాగి జావ. కూలికి పోయే ఇళ్ల పిల్లలకు ఆ గుడ్డు ఎంత విలువైనదో వేళాకోళానికి కూడా తక్కువ చేసి మాట్లాడలేను. నా అభ్యంతరమల్లా గుడ్డు ముందు ఎవరికి అందుతోందన్నదే. వరండాలో రెండు వరసలు కూర్చుంటాయి, పళ్లేల్లో అన్నం పడుతుంది, అన్నం మీద గుడ్డు నిలుస్తుంది. ‘ఒలవకండ్రా, ఒలవకండి, ఒక్క నిమిషం’ అని మాస్టారు వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్టు దాకా వెళతారు. అందరూ చూడాలి, అన్ని గుడ్లూ కనబడాలి, మెనూ రాసిన గోడ వెనకాల రావాలి. ఇంతలో చివర కూర్చున్న ఒకటో తరగతివాడు ఆకలికి ఆగలేక గుడ్డు సగం కొరికేస్తే, పక్కనున్న నాలుగో తరగతి అమ్మాయి వాడి పళ్లెం మీద తన చెయ్యి అడ్డం పెట్టి, నోరు మూసుకుని నమలమని సైగ చేస్తుంది. సమయస్ఫూర్తి, సహకారం, తోటివారి పట్ల బాధ్యత అనే మూడు విలువలూ ఒకే గుడ్డు మీద నేర్పిన ఇంత గొప్ప కృత్యం ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు.

కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా ఈ పాఠాల్లో భాగంగా ఉండేవి. తర్వాత ప్రభుత్వం మారి, ఉపాధ్యాయుల మీద దయతలచి ఆ ఒక్క పాఠాన్ని సిలబస్ నుంచి తొలగించింది. అలాగే యాప్‌లు మరీ ఎక్కువయ్యాయన్న మొర ఆలకించి, చాలావాటిని కలిపి ‘లీప్’ అనే ఒకే యాప్ చేసింది. నాలుగు సంచులు మోసేవాడికి వాటన్నిటినీ పట్టే ఒక పెద్ద సంచి కుట్టించి ఇవ్వడం ఉపకారం కాదని నేననను.

టర్ము పొడుగునా జరిగే కృత్యాల విషయానికి వస్తే, మన బడి క్యాలెండరు ముందు పెళ్లిళ్ల పంచాంగం దిగదుడుపే. జూన్ 21న యోగా, జూలైలో మెగా పేరెంట్ టీచర్ మీటింగు, అమ్మ పేరిట మొక్క, ఆగస్టు 15కు ముందు ఇంటింటా జెండా, సెప్టెంబరు 1 నుంచి 15 దాకా స్వచ్ఛతా పక్షోత్సవాలు, వాటి కడుపులోనే 5న ఉపాధ్యాయ దినోత్సవం, 14న హిందీ దినోత్సవం, అన్నిటినీ చుట్టుకుని ఆ నెలంతా పోషణ మాసం, వీటి మధ్య ఎక్కడైనా శనివారం వస్తే అది బ్యాగు లేని రోజు. పిల్లలకు బ్యాగు మోత తప్పించే ఆ రోజు ఎంతో మంచి ఆలోచన. ఆ రోజు ఆటపాటలు నిజంగానే జరిగాయని రుజువు మోసే బాధ్యత మాత్రం ఫోనుకు తప్పదు.

మొక్కల పండుగ దగ్గర కాస్త ఆగుదాం. అమ్మ పేరిట మొక్క నాటే కార్యక్రమాన్ని ప్రధానమంత్రి 2024 జూన్ 5న ప్రారంభించారు. పిల్లవాడు, అమ్మ, మొక్క ముగ్గురూ ఒకే ఫోటోలో ఉంటే ఎంత బాగుంటుందో ఊహించుకోవచ్చు. చిక్కల్లా, మొక్కలు నాటడానికి అనువైన వానలు వరినాట్లకు కూడా అనువైనవే కావడం. అమ్మలందరూ తెల్లారేసరికి ఆటోలెక్కి నాట్లకు పోయారు. ఊళ్లో మిగిలిన అమ్మ ఒక్కరే, బడిలో వంట చేసే అమ్మ. ఆమె పొయ్యి మీద పప్పు వదిలి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఒక్కొక్క మొక్క పక్కన ఒక్కొక్క బిడ్డతో నిలబడింది. ఫోటోలన్నిటినీ ఒక చోట చేర్చి చూసిన అధికారి ఎవరైనా ఉంటే, ఆ గ్రామంలో ఒకే తల్లికి ఇందరు పిల్లలున్నారనీ, అందరూ ఇంచుమించు ఒకే ఈడువారనీ గ్రహించి ఆరోగ్య శాఖకు లేఖ రాయవలసింది. అలాంటి లేఖ రాలేదంటే ఆ ఫోటోలను ఎవరూ చూడలేదేమోనని దుర్బుద్ధి గలవారు అనుకోవచ్చు. నేను అనుకోను.

ఆగస్టు 29 మరింత క్లిష్టమైన రోజు. గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజు కాబట్టి అది తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం. ఒకే మాస్టారు, ఒకే బల్ల, ఒకే దండ. కుడివైపు గిడుగువారి పటం పెట్టి, ఎడమవైపు హాకీ కర్ర ఈ ఊళ్లో ఎన్నడూ లేదు గనుక క్రికెట్ బ్యాటును నిలబెట్టి, దండను రెంటికీ సగం సగం వచ్చేలా వేసి తీశారు. ముందు ఒక బ్యానరు పట్టుకుని ఒక ఫోటో, ఆ బ్యానరు తీసి మరో బ్యానరు పట్టుకుని ఇంకొకటి. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటల్లోనే వాళ్లకు చదువు చెప్పాలని పండితులందరితో జీవితమంతా పోరాడిన మనిషి ఆయన; సవర పిల్లల కోసం వాళ్ల భాష తాను నేర్చుకుని, అందులో వాచకాలు రాసినవాడు. ఆ రోజు ఆయన గురించి పిల్లలకు రెండు మాటలు చెబుదామని మాస్టారు నోరు తెరిచే సమయానికి వాట్సాప్ గ్రూపులో ‘వెరీ అర్జెంట్’ అని ఒక ఫారం వచ్చింది. సాయంత్రం నాలుగు లోగా పంపాలి, వివరాలు ఏమీ లేకపోతే ‘నిల్’ అనైనా పంపాలి. మాస్టారు నిల్ పంపారు. ఫారం దేని గురించో నాకు గుర్తు లేదు, ఆయనకు అసలే గుర్తు లేదు.

ఇదంతా బోధనేతర పని కదా అని కొందరు చట్టం తీస్తారు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయుణ్ణి వాడకూడదు. చట్టం బాగా చదివినవారెవరూ దీనివల్ల ఇబ్బంది పడలేదు. గుడ్డును లెక్కించడం గణితం, మొక్కను ఫోటో తీయడం పరిసరాల విజ్ఞానం, బ్యానరు మార్చడం సహపాఠ్య కృత్యం, నిల్ పంపడం భాషా నైపుణ్యం. విద్యేతరమైనది ఒక్కటి చూపించండి! అదే చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని కూడా చెప్పింది. ఆ గంటలు ఎవరికి బోధించినవై ఉండాలో చెప్పడం మాత్రం చట్టం రాసినవారికి తట్టినట్టు లేదు.

పిల్లలు ఏమీ నేర్చుకోలేదని అంటే అబద్ధమే అవుతుంది. మూడో తరగతి ముగిసేసరికి పిల్లవాడు నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర పథకం లక్ష్యం పెట్టుకుంది. దేశంలోని పల్లెల సర్కారు బడుల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు నూటికి 23.4 మందేనని ‘అసర్’ 2024 సర్వే చెబుతోంది. ఇవి నిరాశ కలిగించే అంకెలని విద్యావేత్తలు అంటారు. మా మాస్టారి బడిలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉంది. వల, తల, కల దాటి ఒత్తులున్న పదం వస్తే ఆగిపోతుంది. కానీ మొన్న ఫోటో ఎక్కక ఆయన తల పట్టుకుని కూర్చుంటే దగ్గరకొచ్చి, తెర మీద ఒక మూల వేలు పెట్టి, ‘సార్, లొకేషన్ ఆన్ చెయ్యలేదండి’ అంది. ఆన్ చేశారు, ఎక్కింది. తెలుగు ఒత్తుల దగ్గర తడబడే పిల్ల ఇంగ్లీషులో వచ్చిన సూచనను గుర్తు చూసి పట్టేసింది. దీన్ని అభ్యసన ఫలితం కింద ఏ గడిలో నింపాలో తెలియక ఆయన ఆ సాయంత్రమంతా మథనపడ్డారు. ఆ తర్వాత, ఎవరూ అడగకపోయినా, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘అమ్మ, అక్క, అన్న’ చదివించారు. అది ఇరవై నిమిషాలు పట్టింది. దానికి ఫోటో లేదు గనుక అది జరగలేదు.

అందుచేత ఉన్న వాస్తవాన్ని రికార్డుల్లోకి ఎక్కించడమే న్యాయం. వచ్చే జూన్‌లో ప్రతి ప్రాథమిక పాఠశాలా తన ఫోనును ఒకటో తరగతిలో చేర్చుకునేలా ఉత్తర్వులు ఇవ్వాలని నా ప్రతిపాదన. దీనివల్ల పరిపాలనకు మేలే తప్ప కీడు లేదు. దేశంలో ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడులు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో 12 వేలకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. పిల్లలు తగ్గిపోతున్నారన్న మాట అక్కడ ఎప్పుడూ కత్తిలా వేలాడుతుంది. బడికొక ఫోను చేరితే నమోదులో ఒకరు పెరుగుతారు. హాజరు నూటికి నూరు. డ్రాపౌటు భయం లేదు, ఛార్జింగు పెడితే చాలు. గుడ్డు తినదు కాబట్టి ఆ మేరకు మిగులు.

దరఖాస్తు నింపడంలో చిన్న చిన్న చిక్కులు రావచ్చు. పుట్టిన తేదీకి బిల్లు చూపించవచ్చు. ఆరేళ్లు నిండాలంటే మాత్రం కుదరదు, ఆరేళ్లు బతికిన ఫోను ఏ మాస్టారి దగ్గరా లేదు. తండ్రి పేరు దగ్గర మాస్టారి పేరు రాయవచ్చు, ఖర్చంతా ఆయనదే కదా. అసలు చిక్కు అపార్ నంబరు, అంటే ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, దగ్గరే వస్తుందని అందరూ భయపడతారు. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ ఆధార్‌లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండి, వాటిని సరిచేయించడానికి వాళ్ల నాన్నకు కబురంపితే, ఆయన పొలంలో ఉండి, ఫోను ఇంట్లో ఉండి, ఓటీపీ వచ్చి, గడువు తీరి, మళ్లీ వచ్చి, మళ్లీ తీరి ఒక పూట గడిచిపోతోంది. ఈ విద్యార్థితో ఆ బెడద కూడా లేదు. ఓటీపీ నేరుగా దానికే వస్తుంది.