ముల్లు చూసి కొనండి, యూఎస్‌బీ చూసి కాదు

ఇంట్లో ఉన్న పాత ఎల్పీలను (నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పెద్ద వినైల్ రికార్డులను) కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలనుకునే వాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఒకటే: "యూఎస్‌బీ ఉన్న టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఏది మంచిది?" అక్కణ్ణించి మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. రికార్డు నుంచి ఫైలుదాకా పాట చేసే ప్రయాణంలో యూఎస్‌బీ చివరి మజిలీ. పాట పుట్టేది గాడిలో ముల్లు కదిలిన చోట. అక్కడ జారిపోయినదాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. కాబట్టి డబ్బయినా శ్రద్ధయినా ముందు ముల్లు మీద, ఆ ముల్లును మోసే టోన్‌ఆర్మ్ మీద పెట్టాలి.

ఎల్పీ గాడి వెడల్పు సుమారు వెంట్రుక మందం ఉంటుంది. అందులో దిగే మామూలు గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధం 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంత సన్నటి మొన మీద మనం మోపే బరువు, మంచి కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను కరెంటు సంకేతంగా మార్చే చిన్న డబ్బా) అయితే, రెండు గ్రాములకు అటూ ఇటూ. సూట్‌కేస్ ఆకారంలో దొరికే చౌక ప్లేయర్లలో ఎక్కువగా సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. అది ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది, తగ్గించుకునే వీలు కూడా ఉండదు. పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి వాటి అదురు మళ్లీ ముల్లుకే తగులుతుంది. ఒక్కసారి వేసినంత మాత్రాన రికార్డు నాశనమైపోదు. కానీ జీవితంలో ఒక్కసారి చేసే డిజిటైజింగ్‌కి ఇలాంటి దాన్ని వాడటం నాకు మనసొప్పని పని.

బరువు ఎంత తగ్గిస్తే రికార్డుకి అంత మంచిది అనుకునేవాళ్లూ ఉన్నారు. అదీ నిజం కాదు. చాలినంత బరువు లేకపోతే ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బలకి గోడలు చెక్కుకుపోతాయి, గట్టిగా పాడిన చోటల్లా గొంతు బరబరమంటుంది. కంపెనీ చెప్పిన పరిధిలో మధ్యకో, కాస్త పైకో పెట్టుకోవడమే సరైనది. అంటే బరువు సర్దుకునే ఏర్పాటు ఉన్న టర్న్‌టేబులే కొనాలి. నా లెక్కలో ఇది మొదటి షరతు.

రెండో షరతు, ముల్లు మార్చుకునే వీలు. ఇది ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. ఎల్పీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది కానీ, ముల్లు కింద గాడి పరుగెత్తే వేగం మాత్రం ఒకేలా ఉండదు. బయటి అంచు దగ్గర సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పోతే, లోపలి చివర 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే సెకనులో పట్టాల్సిన ధ్వని అంతా సగానికన్నా తక్కువ చోట కుక్కి ఉంటుంది. గుండ్రటి ముల్లు మొన ఆ ఇరుకు మలుపుల్లో పట్టదు. ప్రతి వైపు ఆఖరి పాటలో 'స', 'ష' లు చీలినట్టు వినిపించడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) ముల్లు అంచు సన్నం కాబట్టి ఆ మలుపులను ఇంకాస్త బాగా చదువుతుంది. ఇంకా సన్నటి అంచు ఉన్న మైక్రోలీనియర్, షిబాటా రకాలు అంతకన్నా బాగా చదువుతాయి. వీటితో ఇంకో మేలు ఉంది. ఏళ్ల తరబడి గుండ్రటి ముల్లు కింద నలిగిన రికార్డులో ఆ ముల్లు తగిలిన చోటే గోడ అరిగి ఉంటుంది. వేరే ఆకారం ముల్లు గోడని ఇంకోచోట తాకుతుంది. అక్కడ అరగని ధ్వని మిగిలి ఉంటే అది బయటికి వస్తుంది. "ఇది అరిగిపోయింది, ఇంక పనికిరాదు" అని పక్కన పెట్టేసిన రికార్డును వేరే ముల్లుతో ఒకసారి విని చూడకుండా పారేయకండి. ఇది నా విన్నపం.

78 రికార్డులుంటే (నిమిషానికి 78 సార్లు తిరిగే, షెల్లాక్ అనే లక్కతో చేసిన పాతకాలం రికార్డులు) సంగతి వేరు. వాటి గాడి చాలా వెడల్పు. సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు వేస్తే అది గాడి అడుగున దుమ్ములో ఈడ్చుకుంటూ పోయి గరగర తప్ప పెద్దగా ఏమీ ఇవ్వదు, ముల్లు కూడా పాడవుతుంది. టర్న్‌టేబుల్‌లో 78 వేగం లేకపోయినా పని జరుగుతుంది. 45 వేగంలో రికార్డు చేసుకుని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగం పెంచుకోవచ్చు. అయితే ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచి సరిచేసే పరికరం, దీని సంగతి కింద చెప్తాను) చేసే సవరణ కూడా వేగంతోపాటు పైకి జరుగుతుంది కాబట్టి బేస్ (మంద్ర ధ్వని), ట్రెబుల్ (హెచ్చు ధ్వని) మళ్లీ సరిచేసుకోవాలి. చేతిలో 78ల గుట్ట ఉన్నవాళ్లు ఈ తలనొప్పి పెట్టుకోకుండా 78 వేగం ఉన్నదే తీసుకోవడం నయం.

మరి ఏది కొనాలి? వినడమూ డిజిటైజ్ చేయడమూ రెండూ కావాలంటే చాలా కుటుంబాలకి ఆడియో టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్ యూఎస్‌బీ సరిపోతుందని నా నమ్మకం. మూడు వేగాలూ ఉన్నాయి, బరువు సర్దుకోవచ్చు, కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే హెడ్‌షెల్ ఊడదీసి మార్చుకోవచ్చు. దాంతో వచ్చే వీఎం95 కార్ట్రిడ్జ్ బాడీ అలాగే ఉంచి ముల్లు ఒక్కటే మార్చుకోవచ్చు: ఎలిప్టికల్, మైక్రోలీనియర్, షిబాటా, 78ల ముల్లు కూడా. 78ల ముల్లు పెట్టినప్పుడు బరువు కూడా మార్చుకోవడం మరిచిపోకూడదు. అదే కంపెనీ చిన్న మోడల్ ఏటీ-ఎల్పీ60ఎక్స్ మీట నొక్కితే తనంతట తాను పాడుతుంది, ఎప్పుడో ఒకసారి వినేవాళ్లకి హాయిగా ఉంటుంది. కానీ అందులో బరువు సర్దలేం, కార్ట్రిడ్జ్ మార్చలేం. రేగా ప్లానార్ 1 వినడానికి చక్కటి యంత్రం. 78 వేగం లేదు కాబట్టి ఆ రికార్డులు లేని ఇంటికే అది సరి.

పళ్లాన్ని మోటారు బెల్టుతో తిప్పాలా, నేరుగా తిప్పాలా (డైరెక్ట్ డ్రైవ్) అనే వాదన ఎంతకీ తెగదు. నా మట్టుకు నాకు అది పెద్ద విషయం కాదు. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 డైరెక్ట్ డ్రైవ్‌కి ఎంత పేరు తెచ్చిందో, మంచి బెల్టు టర్న్‌టేబుళ్లు కూడా అంత బాగా పాడతాయి. వేగం మాత్రం ఖచ్చితంగా ఉండాలి, ఎందుకంటే వేగం మారితే శ్రుతి మారుతుంది. నాన్నగారి కాలం నాటి టర్న్‌టేబుల్‌ని వేరే దేశానికి తెచ్చుకునేవాళ్లు దీన్ని తప్పకుండా గమనించాలి. పాత వాటిలో చాలా మోటార్ల వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 50 హెర్ట్జ్‌కి చేసినదాన్ని 60 హెర్ట్జ్ కరెంటు మీద తిప్పితే 33⅓ కాస్తా 40 అవుతుంది. పాట మూడు స్వరస్థానాలకు పైగా ఎక్కి కూర్చుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజీని మారుస్తుంది తప్ప ఫ్రీక్వెన్సీని మార్చదు. దానికి తగిన పుల్లీ (మోటారు మీది చిన్న చక్రం) వేయించాలి.

ఇక ప్రీయాంప్, యూఎస్‌బీ. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ (వీఎం95 లాంటిది) నుంచి వచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు మాత్రమే. పైగా ఎల్పీ గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. దాన్ని తిరగేసి సరిచేయడానికే ఫోనో ప్రీయాంప్. అది టర్న్‌టేబుల్‌లోనే ఉండి, ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్‌కి కూడా కలిపితే రెండుసార్లు సవరణ జరిగి ధ్వని ముద్దముద్దగా, చీలిపోయి వస్తుంది. వెనక ఉన్న స్విచ్ ఒకసారి చూసుకుంటే చాలు. టర్న్‌టేబుల్ లోపలి యూఎస్‌బీ సాధారణంగా 16 బిట్లే (ధ్వనిని ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో చెప్పే లెక్క) ఇస్తుంది. ఎల్పీ ధ్వని పరిధికి అవి చాలుతాయి. ఇబ్బందల్లా చాలా వాటిలో లెవెల్ తగ్గించే నాబ్ లేకపోవడమే. గట్టిగా కోసిన రికార్డు ధ్వని, ఫైలు పట్టగల గరిష్ఠ స్థాయికి తగిలి కత్తిరించుకుపోతే ఇక బాగుచేయలేం. వీలైతే లెవెల్ నాబ్ ఉన్న విడి ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో, పైన ఆరు డెసిబెల్స్ ఖాళీ ఉంచి రికార్డు చేయండి. నిమిషానికి 35 మెగాబైట్లు అవుతుంది, ఇరవై నిమిషాల వైపుకి 700. ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రకంలోకి మారిస్తే నాణ్యత తగ్గకుండా ఫైలు చిన్నదవుతుంది.

రికార్డు శుభ్రం చేయకుండా ముల్లు దించకండి. వినైల్‌కి వాడే ఆల్కహాల్ కలిసిన ద్రవం 78లకి పనికిరాదు, షెల్లాక్ కరిగిపోతుంది. రికార్డు చేసిన అసలు ఫైలును ఒక్క మార్పూ లేకుండా భద్రపరచండి. చిటపటలు తీయడం లాంటివన్నీ దాని కాపీ మీదే చేయాలి. నాయిస్ రిడక్షన్ ఎక్కువ చేస్తే గరగరతోపాటు గాయకుల ఊపిరి, తంబురా నాదం కూడా కొట్టుకుపోతాయి. కాస్త గరగర ఉన్న గొంతే నాకు ఇష్టం. లేబుల్‌కి రెండు వైపులా ఫోటో తీసి, పాటలు అయిపోయిన చోట నల్లటి ఖాళీలో గీసి ఉండే నంబరు కూడా రాసి ఫైలుతోపాటు పెట్టండి.

ఒక్క విషయం మన సంఘం సభ్యుల ముందు చర్చకు పెడుతున్నాను. రోజూ వినేవాళ్లు తమకంటూ టర్న్‌టేబుల్ కొనుక్కోవాల్సిందే. పదో ఇరవయ్యో రికార్డులు ఒకసారి ఎక్కించుకుంటే చాలనుకునేవాళ్లు మాత్రం విడివిడిగా చౌకవి కొనడం దండగ. అదే డబ్బు కలిపితే ఒక మంచి టర్న్‌టేబుల్, రెండు మూడు రకాల ముళ్లు, ఒక ఇంటర్‌ఫేస్ వస్తాయి. అమర్చడం నేర్చుకున్న మనిషి ఒకరుండాలి. దాన్ని ఒకరి ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి తీసుకెళ్లేటప్పుడు టోన్‌ఆర్మ్ వెనక బరువు, పళ్లెం విప్పి, ముల్లుకి మూత పెట్టి సర్దాలి. పెట్టెలో ఒక నోటు పుస్తకం పెట్టి ఏ ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరు వాడితే వాళ్లు రాయాలి. ఆడియో టెక్నికా లెక్క ప్రకారం ఎలిప్టికల్ ముల్లు ఆయుష్షు 300 గంటలు, మైక్రోలీనియర్‌ది 1000 గంటలు. అరిగిన ముల్లుతో ఇంకొకరి రికార్డు పాడుచేసే హక్కు ఎవరికీ లేదు కాబట్టి, గంటలు నిండిన రోజే కొత్త ముల్లు కొనడానికి డబ్బు ముందే పక్కన పెట్టి ఉంచుకోవాలి. దీనికి సిద్ధంగా ఉన్నవాళ్లు తమ దగ్గర ఎన్ని ఎల్పీలు, ఎన్ని 78లు ఉన్నాయో సంఘానికి రాయండి. ఏ ముళ్లు కొనాలో ఆ జాబితా చూశాకే తేల్చుకోవచ్చు.