బాగేపల్లి దాటితే గుర్తు మారును

ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు ఒకే ఒక్క వేదవాక్యం ఇచ్చారు: "అవతలికి పోతే గుర్తు మారుతుందిరా!" సమీకరణంలో ఈక్వల్ టు దాటితే ప్లస్సు మైనస్ అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది. ఎందుకని అడిగినవాడు బెంచీ ఎక్కాడు. అడగని మేము ఇంటర్ దాటాం, ఇంజినీరింగ్ దాటాం, చివరికి కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లి కూడా దాటి బెంగళూరులో పడ్డాం.

ఇక్కడికొచ్చాక ఆ వాక్యం మీద నాకు భక్తి ఇంకా పెరిగింది. 12 నెలలకు మించి ఇక్కడే తిప్పితే బండి మీద ఏపీ పోయి కేఏ రావాలట. గట్టు దాటింది, గుర్తు మారింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

అంత పవిత్రమైన ఆచారానికి మొన్న మా ఇంట్లోనే అపచారం జరిగింది. మూడు ఎక్స్ ప్లస్ అయిదు ఈక్వల్ టు ఇరవై. అమ్మాయికి నేర్పుదామని అయిదును చెయ్యి పట్టుకుని అవతలికి నడిపిస్తున్నాను.

"అయిదు ఎక్కడికీ పోదు నాన్నా. రెండు వైపులా అయిదు తీసేస్తున్నాం, అంతే. తక్కెడలో రెండు పళ్లాల్లోంచీ ఒకే బరువు తీస్తే ముల్లు కదలదు కదా!"

ముప్ఫై ఏళ్లుగా ఆ అయిదును మోసి మోసి దాటిస్తున్నాను. అది ఒక్కసారి కూడా కదల్లేదట.

వాదనకు బలం కోసం చరిత్ర తిరగేశాను. అదీ నా మీదికే తిరిగింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ వాడిన 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అనే పేరు వచ్చింది. తీసివేతతో కుంటుతున్న వైపుకు ఆ లోటు పూడ్చి, రెండో వైపుకూ అంతే కలపడం దాని పని. విరిగిన ఎముకను సరిచేయడానికీ అదే మాట. స్పెయిన్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాణ్ణి 'ఆల్జీబ్రిస్టా' అనేవారు. అంటే ఇన్నాళ్లూ మేం భయపడి చచ్చింది మన పుత్తూరు కట్టుకన్నమాట!

పుస్తకం వేరు, రోడ్డు వేరు అని ఆటో లెక్క తీశాను. బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. 36 అంటే రెండు పద్దెనిమిదులే కనక, 2 దాటాక మొత్తం దూరాన్ని 18తో గుణిస్తే చాలు. సర్కారు ఇంత సులువైన సూత్రం ఇచ్చిందంటే పొరపాటున ఇచ్చి ఉండాలి. ఆ లోపాన్ని ఆటోవాళ్లు రోడ్డు మీద సరిదిద్దారు: "మీటర్ మేలె ఐవత్తు." మీటరు మీద ఇంకో యాభై.

నేను 194 ఇచ్చాను. ఎంత దూరం వెళ్లినట్టు? గురువుగారిని తలచుకుని ముందు 18ని దాటించి 194ని భాగించాను, తర్వాత 50ని దాటించి తీసేశాను. జవాబు దాదాపు మైనస్ 39 కిలోమీటర్లు. అంటే ఆఫీసుకని ఎక్కినవాణ్ణి, వెనక్కి వెనక్కి పోయి హోసూరు దరిదాపుల్లో దిగాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరిగేవాణ్ణి కాబట్టి ఆ జవాబులో నాకేమీ వింత కనిపించలేదు.

అమ్మాయికి కనిపించింది. "18తో భాగిస్తే ఆ 50ని కూడా భాగించాలి. లేదంటే ముందు 50 తీసెయ్. ఇంటికి తాళాలు వేసేటప్పుడు ముందు తలుపు, తర్వాత గేటు. తిరిగొచ్చాక ముందు గేటేగా తీస్తాం?"

194లోంచి 50 పోతే 144. దాన్ని 18తో భాగిస్తే 8. మా ఆఫీసు సరిగ్గా ఎనిమిది కిలోమీటర్లే, ఖర్మ.

మర్నాడు ఆటో ఎక్కే ముందు ఈ జ్ఞానమంతా డ్రైవరుకు పంచాను. కోలారు వైపాయన, తెలుగు బాగా వచ్చు. ఏం చేసినా రెండు వైపులా సమానంగా చేయాలని, అందులోనే న్యాయం ఉందని నొక్కి చెప్పాను. ఆయన ఓపిగ్గా అంతా విని తలూపాడు.

"అట్లే కానీండి సార్. పోనూ యాభై, రానూ యాభై."